సి డ్రైవ్‌లో చోటు లేదు

బుధవారం సాయంత్రం కోడంబాక్కం డబ్బింగ్ స్టూడియోలో పదిమంది ముందు రాగిణి ఒక్క మాట అనేసింది: "ఈ సినిమాకి మాటలు రాసింది నేను."

తొమ్మిదేళ్లుగా తమిళ సినిమాలకు తెలుగు మాటలు రాస్తున్నది ఆమే. తెర మీద మాత్రం ‘మాటలు: ఆదికేశవులు’ అనే పడుతోంది. ఆయన ఆమె భర్త నరేన్‌కు స్వయానా మేనమామ. గొడవ అక్కడే ఉన్న మాటల రచయితల సంఘం దాకా పోయింది; ఆ సంఘం కమిటీలో ఆదికేశవులూ ఒకరు. కార్యదర్శి గోపాలయ్య రాగిణిని పిలిపించి, "శుక్రవారం నాలుగింటికి కమిటీ కూర్చుంటుందమ్మా. నువ్వు రాసిన ఫైళ్లు తేదీలతో సహా తీసుకురా. నకళ్లు ఒక్కటే చాలవు. అసలు ఫైళ్లు మీ ఇంటి కంప్యూటర్లో ఎట్లా ఉన్నవో అట్లాగే ఉండాలి. అవసరమైతే మా మనిషి వచ్చి చూస్తాడు" అన్నాడు.

ఆ శుక్రవారం రానే వచ్చింది.

ఉదయం పదకొండు గంటలకు రాగిణి పెన్‌డ్రైవ్ గుచ్చి, ‘మాటలు’ అనే తన ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కింది. ఫోల్డర్ తెరుచుకుంది కాని లోపలంతా తెల్లగా ఉండిపోయింది. నీలం చక్రం ఒకటి తిరుగుతూనే ఉంది. ఐదు నిమిషాలు చూసింది. పది నిమిషాలు చూసింది. చివరికి తెర కింది మూలలో ఒక చిన్న గడి వెలిగింది. సి డ్రైవ్‌లో చోటు లేదట.

చింతాద్రిపేటలో రెండో అంతస్తులో వాళ్లది చిన్న ఇల్లు. హాల్లో ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య ఇరుకులో ఉంటుంది ఆ కంప్యూటర్. నరేన్ పెళ్లి వీడియోలు తీస్తాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో దాని మీదే ఎడిటింగ్ చేసుకుంటాడు. అతను కెమెరా తీసుకుని బయటికి వెళ్లిన రోజుల్లో రాగిణి మాటలు రాసుకుంటుంది.

"మొన్ననే చెప్పినా గదా, దాని పని అయిపోయిందని," అన్నాడు నరేన్ వెనక నుంచి. అతని చేతిలో ఇంకో పెన్‌డ్రైవ్ ఉంది. "లే. విండోస్ కొత్తగా ఎక్కించేస్తా. ఫార్మాట్ కొట్టినామంటే కొత్తదాని మాదిరి పరిగెత్తుద్ది."

"ఫార్మాట్ కొడితే ఈడ ఉండేదంతా పోతుంది."

"పోనీ. నా వీడియోలు వేరే డిస్కులో పెట్టుకుంటా. నీవి నాలుగు టైపు కాయితాలే గదా, కావాల్సినవి ఆ పెన్‌డ్రైవ్‌లో ఏసుకో."

"ఏసుకుంటా. కాని అసలువి ఈడ్నే ఉండాల. గోపాలయ్యగారు ఏం చెప్పినాడో మీకు చెప్పినా గదండీ."

"అట్లయితే అది తెరుచుకోదు. నాలుగింటికి ఉత్త చేతులతో పోతావు. నీ ఇష్టం."

ఈ మాట అంటున్నప్పుడు నరేన్ ఆమె మొహం చూడలేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ వైపు చూశాడు. పన్నెండేళ్ల కాపురంలో రాగిణికి ఆ చూపు తెలుసు. ఇంట్లో ఏదైనా దాచిపెట్టినప్పుడు అతను గోడలతోనే మాట్లాడతాడు.

ఆమె కుర్చీని బల్ల దగ్గరికి ఇంకా జరుపుకుంది.

"లేను."

"ఏందీ?"

"ఈ కుర్చీలోనించి లేను అంటా ఉండా. ఇది చెడిపోయినానని చెప్పలా. చోటు లేదని చెప్తా ఉంది. చోటు నేను చేస్తా."

"నీకేం తెలుసు కంప్యూటర్ గురించి?"

"తెలిసినంత తెలుసు. తెలీనిది ఇప్పుడు నేర్చుకుంటా."

పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని కంప్యూటర్ ఆపేసింది. మళ్లీ ఆన్ చేసింది. పోయినేడు స్టూడియో మిషను ఇట్లాగే మొరాయించినప్పుడు సౌండ్ ఇంజనీర్ వర్షిణి బాగుచేస్తుంటే రాగిణి పక్కనే కూర్చుని చూసింది. "డిస్కు నిండా కుక్కేస్తే అది పని చేసుకోడానికి కాస్తయినా ఖాళీ ఉండదు కదక్కా. ముందు ఏది ఎంత తింటోందో చూడాలి, తర్వాతే తీసెయ్యాలి" అని ఆ పిల్ల చెప్పిన మాట గుర్తుంది.

ముందు చూసింది. సి డ్రైవ్ గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా ఉంది. ఖాళీ నలభై ఎంబీ. అంటే లేనట్టే.

ఎవరికీ అక్కరలేనివాటితో మొదలుపెట్టింది. ప్రోగ్రాములు వాడుకుని వదిలేసిన టెంపరరీ ఫైళ్లు, ఎప్పుడో అప్‌డేట్ అయినప్పుడు మిగిలిపోయిన తునకలు. ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టి తుడిచేసింది. ఏడు జీబీ వచ్చింది. వెంటనే కంప్యూటర్లో కదలిక తెలిసింది. మౌస్ చెయ్యి ఎటు పోతే అటు పోతోంది. ‘మాటలు’ ఫోల్డర్ మీద నొక్కితే ఈసారి తెల్లగా నిలబడలేదు. పేర్లన్నీ వరసగా వచ్చాయి. అరవై మూడు సినిమాలు. నాలుగు వందల పన్నెండు ఫైళ్లు. ప్రతి దాని పక్కనా తేదీ.

రాగిణి అన్నిటినీ ఎంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టింది. నిమిషం కూడా పట్టలేదు.

"అయింది గదా? ఇంక లే," అన్నాడు నరేన్.

"ఆగండి. ఇట్లా వచ్చి ఇది చూడండి." ఆమె తెరను అతని వైపు తిప్పింది. "ఇది నా తొమ్మిదేండ్ల పని. మొత్తం కలిపి తొంభై ఆరు ఎంబీ. ఇదేమో పోయిన నెల మీరు తీసిన పెళ్లిలో తాంబూలాలిచ్చే క్లిప్పు. ఇదొక్కటే నాలుగు జీబీ. ఈ ఒక్క తాంబూలంలో నా అరవై మూడు సినిమాలు నలభై సార్లు పడతాయి. చోటు నేను తింటా ఉండానా?"



ఆమె సైజు ప్రకారం పేర్చింది. అన్నిటికంటే పైకి వచ్చింది అతని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డరే. వీడియో తడబడకుండా ఆడడానికి అది తనకోసం తయారు చేసుకునే నమూనా ఫైళ్లు. నూట నలభై జీబీ. రెండేళ్ల కింద అప్పజెప్పేసిన పెళ్లిళ్లవి కూడా అందులోనే పడి ఉన్నాయి.

"ఆడ చెయ్యి పెట్టబాక!" అని అరిచాడు.

"మీ అసలు వీడియోలు డి డ్రైవ్‌లో ఉండాయి. వాటి జోలికి పోను. ఇవి నమూనాలే. మళ్లా కావాలంటే సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు." రాగిణి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "మీరే చెప్పండి. ఏ పెళ్లి పని ఇంకా నడస్తా ఉంది? దాన్ని ఉంచేస్తా. మీ పని పాడుచేసి నా పని చేసుకోను నేను."



"తాంబరం పెళ్లి ఒకటి," అన్నాడు చివరికి.

తాంబరం పెళ్లి ఉంచి మిగతావి తీసేసింది. తర్వాత డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లింది. ఫోను బ్యాకప్ ఒకటే మూడుసార్లు ఉంది. రెండు తీసేసింది. ఎప్పుడో ఎక్కించుకున్న ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లు తీసేసింది. ప్రతిదీ తీసేముందు పేరు పైకి చదివింది. నరేన్ ఊ అంటేనే తీసింది. వంటగది గడప దగ్గర కింద కూర్చుని మునగాకు దూస్తున్న అత్తగారు చెంగమ్మ ఈ పేర్లన్నీ వింటూనే ఉంది.

సగం పని అయ్యాక నరేన్ ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడి గొంతు తగ్గించాడు.

"రాగీ, నాయన పోయినప్పుడు నాకు పదేండ్లు. మామ లేకుంటే నేను యాడుండేవాణ్నో. నా చేతికి కెమెరా ఇచ్చింది ఆయనే. ఇప్పుడు ఈ వయసులో ఆయన పేరు పాడు చేసి ఏం బావుకుంటావు నువ్వు?"

రాగిణి కుర్చీ తిప్పి అతని మొహంలోకి చూసింది.

"మీ మామ మిమ్మల్ని పెంచినాడు. దానికి మీరు జన్మంతా దండం పెట్టండి. నేనూ పెడతా. మాటలు మాత్రం నావి. ఆయన కంటి ఆపరేషన్ అప్పుడు నాలుగు రోజులు తమిళ స్క్రిప్టు చదివి పెట్టమ్మా అన్నాడు. సరి అన్నా. చదివి పెట్టినా. తర్వాత ఆయన పడుకుంటే నేనే రాసినా. నాలుగు రోజులు అన్నది తొమ్మిదేండ్లయింది. తెర మీద ఆ తమిళ మనిషి పెదవులు మూసినచోట నా తెలుగు మాటలో ప అన్నా బ అన్నా మ అన్నా పడాల. లేకుంటే చూసేవాళ్లకి తెలిసిపోతుంది. ఒక్క ‘మ’ కోసం మూడు రోజులు పొయ్యి దగ్గర గొణుక్కుంటా తిరిగినా. కావాలంటే అత్తని అడగండి."

"గొణిగేది నేనూ విన్నా," అంది చెంగమ్మ తల ఎత్తకుండానే. "పప్పు మాడింది గూడా."

"అమ్మా, నువ్వు ఊరకుండు."

"ఊరకనే గదా ఉండాను ఇన్నాళ్లూ," అని ఆమె మళ్లీ ఆకు దూయడంలో పడిపోయింది.

రాగిణి సి డ్రైవ్ మళ్లీ చూసింది. గీత ఇంకా ఎర్రగానే ఉంది.

నరేన్ మొహంలో ఆశ కనపడింది. "చూసినావా? ఇంత తీసినా చోటు రాలా. అందుకే చెప్పేది, ఫార్మాట్ ఒకటే దారి."

"తీసినవి నేరుగా పోవండీ, రీసైకిల్ బిన్‌లోకి పోతాయి. దాన్ని గూడా ఖాళీ చేస్తేనే చోటొచ్చేది."

"ఓ, అదా? అయితే చెయ్యి," అన్నాడు నరేన్ వెంటనే. "ఎమ్టీ కొట్టెయ్యి. ఒక్క నొక్కే గదా. జరుగు, నేను కొడతా."

రాగిణి చెయ్యి ఆగింది. పొద్దుటి నుంచీ ప్రతి ఫైలు దగ్గరా అడ్డం పడిన మనిషి ఇప్పుడు తనే మౌస్ కోసం చెయ్యి చాచాడు.

"చూసి ఖాళీ చేస్తా," అంది.

"చూసేదేముంది ఆడ? చెత్త!"

"అవును, చెత్తే. ఎవరి చెత్తో చూడాల గదా. ఒకసారి ఖాళీ చేస్తే మళ్లా రాదు."

ఆమె బిన్ తెరిచింది. పైన అంతా ఇప్పుడు తను తీసినవే. మౌస్ చక్రం తిప్పుకుంటూ కిందికి వెళ్లింది. నిన్నటి తేదీతో ఒకటే ఒక ఫైలు ఉంది. వీడియో కాదు. స్కాన్ చేసిన కాగితం. దాన్ని బయటికి లాగి తెరిచింది.

తెల్ల కాగితం మీద టైపు చేసిన ఎనిమిది వరసలు, వాటి కింద సినిమా పేర్ల పట్టిక. రాగిణి పైకి చదివింది. గొంతు మొదట్లో మామూలుగానే ఉంది.

"‘శ్రీ ఆదికేశవులు గారు నోటితో చెప్పగా నేను టైపు మాత్రమే చేసితిని. కింద రాసిన అరవై మూడు చిత్రాల మాటల మీద నాకు ఎట్టి హక్కూ లేదు. బుధవారం నాడు స్టూడియోలో నేను అన్నది పొరపాటు. ఇందుకు క్షమించ కోరుతాను. ఇట్లు, రాగిణి.’"

కింద సంతకం ఉంది. ఇంగ్లీషులో.

"నేను ఇంగ్లీషులో యాడా సంతకం పెట్టను," అంది రాగిణి. "పెళ్లి రిజిస్టర్లో తెలుగే. బ్యాంకులో తెలుగే. మీకు తెలీదా?"

ఆమె కాగితాన్ని ఇంకా కిందికి జరిపింది.

"సాక్షులు గూడా ఉండారు. ఒకటి మీరు. రెండు..." ఆమె ఆగిపోయింది. రెండో సంతకం వంకరటింకరగా, పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. ‘చె’ పక్కన సున్న బఠాణీ గింజంత. మూడో తరగతితో బడి మానేసిన మనిషి కూడబలుక్కుని రాసిన అక్షరాలు. అది దొంగ సంతకం కాదు. "రెండు, అత్త."

చెంగమ్మ చేతిలో మునగ రెమ్మ అట్లాగే పట్టుకుని లేచి వచ్చింది.

"నా పేరేంది ఆడ?"

"నిన్న మీరు ఏదన్నా కాయితం మీద సంతకం పెట్టినారా అత్తా?"

"పెట్టినా. నువ్వు కూరగాయలకి పోయినప్పుడు వీడు తెచ్చినాడు. గ్యాస్ బుక్కు పేరు మార్చాల, ఈడ పెట్టమ్మా అన్నాడు." ఆమె తెరకు దగ్గరగా వంగి తన అక్షరాలను తనే గుర్తుపట్టింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "గ్యాస్ బుక్కు అన్నావే, నాయనా."

నరేన్ ఫ్యాన్ రెగ్యులేటర్ వైపు తిరిగి చెప్పాడు.

"మామ అట్లా చెప్పమన్నాడు. నిన్ననే సంఘానికి మెయిల్ పెట్టేసినా."

అందుకే ఫార్మాట్. రాగిణికి అంతా అర్థమైంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఆ కాగితాన్ని కూడా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టింది. అసలుదాన్ని ‘మాటలు’ ఫోల్డర్లోనే పెట్టింది. బిన్ మరొక్కసారి పైనుంచి కింది దాకా చూసి, అప్పుడు ఖాళీ చేసింది.

ఎర్ర గీత చిక్కిపోయి నీలంగా మారింది. నూట ఎనభై జీబీ ఖాళీ. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే ఇరవై లెక్కపెట్టేలోగా లేచి కూర్చుంది.

"చూసినారా? దీనికి ఏ రోగమూ లేదు," అంది. "ఫార్మాట్ కొట్టాల్సిన పనీ లేదు."

అని దాన్ని మళ్లీ ఆపేసి బల్ల కిందికి వంగింది. వెనక వైర్లు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తా ఉండావు?"

"అసలు ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉండాలన్నారు. నేను అటు పోంగానే మీరు ఇటు ఆ పెన్‌డ్రైవ్ గుచ్చుతారు. అందుకని ఈ సీపీయూనే తీసకపోతా ఉండా. కమిటీ ముందర పెట్టి, వాళ్లనే తెరిచి చూసుకోమంటా."

"నీకు పిచ్చి పట్టిందా? దీన్ని మోసుకోని కోడంబాక్కం పోతావా?"

"ఆటోలో పోతా. మీ తాంబరం పెళ్లి భద్రంగా ఉంది, సాయంత్రానికి తెచ్చి ఇస్తా."

చెంగమ్మ మునగ రెమ్మను చేటలో పడేసింది. లోపలికి వెళ్లి పాత దుప్పటి ఒకటి తెచ్చి కోడలి ముందు పరిచింది. "దీన్లో చుట్టు. ఆటో ఎగిరెగిరి పడుద్ది. చీర మార్చుకోని వస్తా, ఉండు."

"మీరు యాడికి అత్తా?"

"నీతోనే."

"ఆయన మీ తమ్ముడు."

"తమ్ముడు గాబట్టే పోవాల. గ్యాస్ బుక్కులో సినిమా పేర్లు ఎప్పట్నించి రాస్తా ఉండారో వాణ్నే అడగాల."

అప్పుడే నరేన్ చేతిలో ఫోను మోగింది. అతను పేరు చూసి కట్ చెయ్యబోయాడు. చెంగమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"వాడేనా? ఎత్తు. అందరికీ వినపడేటట్టు పెట్టు."

నరేన్ స్పీకర్ నొక్కాడు. ఆదికేశవులు గొంతు హాలంతా నిండింది.

"నరేనూ, ఫార్మాట్ అయిందా లేదా? ఇంకో సంగతి విను. కమిటీ నాలుగింటికి కాదు, రెండింటికే కూర్చుంటా ఉంది. గోపాలయ్యకి బీపీ అంటే నేనే ఇంటికి పంపించినా. ఈపొద్దు ఆ కుర్చీలో నేను కూర్చుంటా. అరగంటలో తీర్మానం అయిపోతుంది. ఆ పిల్లకి మాత్రం చెప్పబాక."

గోడ గడియారం ఒంటిగంట ఇరవై చూపిస్తోంది.

"వాడు చెప్పలేదులే ఆదీ," అంది చెంగమ్మ. "నువ్వే చెప్పినావు. మేము బయలుదేరతా ఉండాం."

ఆదికేశవులు గొంతు ఈసారి తొందర లేకుండా వచ్చింది.

"అక్కా, ఆ పిల్లను తీసుకోని రాబాక. వస్తే నేనూ నాలుగు మాటలు చెప్పాల్సొస్తుంది. ఆ కాయితం రాయించింది నేనే, ఒప్పుకుంటా. దాని మీద రాగిణి సంతకం పెట్టింది నేను కాదు. నీ కొడుకు. ఆ సంతకం వాడు పెట్టేది ఇది మొదటిసారి గూడా కాదు. అడుగు వాణ్ని."

ఫోను ఆగిపోయింది.

రాగిణి భర్త వైపు చూసింది. నరేన్ ఫ్యాన్ రెగ్యులేటర్ వైపు కూడా చూడలేకపోయాడు. కళ్లు మూసుకుని ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడ్డాడు. ఇంకా ఎక్కడెక్కడ పెట్టావు నా సంతకం అని అడగడానికి నోటిదాకా వచ్చింది. అడిగి, అతను చెప్పేదంతా వింటూ కూర్చుంటే ఇక్కడే రెండు దాటిపోతుంది.

ఆమె దుప్పటి ముడి బిగించి సీపీయూను రెండు చేతులతో గుండెకు ఆనించి ఎత్తుకుంది.

"చెప్పులేసుకోండత్తా," అని మెట్ల వైపు నడిచింది.